పధ్నాలుగు రోజుల కెమెరా

బిష్కెక్‌లో దుకాణంవాడు చెప్పాడు:
పధ్నాలుగు రోజులు వాడి చూడండి,
గీత పడకుండా తెస్తే డబ్బు వెనక్కి.
గీత పడకుండా పధ్నాలుగు రోజులు
మేం ఏ వస్తువునీ వాడిన పాపాన పోలేదు.

మా ఇల్లు నాలుగు చక్రాల రొట్టె.
ఆ పాత రష్యా వ్యాన్‌ని ఇక్కడ అలాగే పిలుస్తారు, రొట్టె అని.
అందులో ఒక మంచం, ఒక స్టవ్వు,
కందిపప్పు డబ్బాల మధ్య
స్వెట్టర్లలో చుట్టిపెట్టిన మూడు కెమెరాలు.
ఒకటి కొత్తది, ఒకటి మరీ కొత్తది,
ఒకటి నారిన్ సంతలో తూకానికి కొన్నట్టు కొన్నది,
లోపల ఎవరిదో సగం వాడిన రీలుతో సహా.

మరీ కొత్తదానికి కళ్లు గుర్తుపట్టడం వచ్చు.
మనిషి కన్ను, పిట్ట కన్ను, కుక్క కన్ను,
వేటి గది వాటిదే.
సోంగ్‌కుల్ ఒడ్డున గొర్రెలమంద ఎదురైతే
ఏ గదిలో తోలాలో తెలీక
ఆకుపచ్చ చదరం నాలుగువందల మొహాల మీద
కందిరీగలా తిరిగి తిరిగి
చివరికి ఒక బండరాయి మీద వాలింది.
హైమ స్టీరింగు మీద పడి నవ్వింది.

రాత్రి మైనస్ ఆరు.
బ్యాటరీలు చంకలో పెట్టుకుని పడుకున్నాను,
పొదుగుడు కోడిలా.
తెల్లారేసరికి ఒక్కటే పిల్లయింది,
అదీ పదిహేడు శాతం.

మంచు నీలంగా వస్తోంది.
సరిచేస్తే గుర్రాలకి కామెర్లు.
గుర్రాలు కుదిరితే బురుల్చా బుగ్గలు కుదరవు.
ఎండా చలీ కలిసి చేసిన ఎరుపది,
ఏ కంపెనీవాడూ దాన్ని కొలిచినట్టు లేదు.
తెర మీద చూపిస్తే ఆవిడ
తన మొహాన్ని బొటనవేలితో తుడిచింది, మరకనుకుని.
గిన్నెనిండా పుల్లటి గుర్రప్పాలు పోసి
ముందు తాగు అన్నట్టు చెయ్యి విసిరింది.

పదకొండో రోజు కనుమ ఎక్కుతూ రొట్టె ఆగిపోయింది.
రోడ్డు మీద మా వెనక నల్లటి చుక్కలు,
ముగ్గు వెయ్యబోయి మానేసినట్టు.

బురుల్చా మరిది వచ్చాడు, గుర్రం మీద,
డెబ్భై ఏళ్లవాడు, తోలుసంచిలో స్పానర్లు.
పేరు తోక్తోసున్.
హైమకి వచ్చిన అరకొర రష్యన్‌లోంచి
ఆ పేరు కథ నా దాకా వచ్చింది:
వాళ్లమ్మకి ముందు ముగ్గురు నిలవలేదట,
నాలుగోవాడికి ఇలా పెట్టుకుందట.
తోక్తోసున్. నిలవనీ.

మావైపు పెంటయ్యలు, పుల్లయ్యలు గుర్తొచ్చారు,
చావుకి ఏవగింపు పుట్టాలని
కుప్పతొట్టి పేరు జీవితమంతా మోసినవాళ్లు.
ఈ తల్లి నేరుగానే అడిగేసింది.

అలా అడిగి నిలబెట్టుకున్న మనిషి
ఒక్క క్షణం నిలవడు.
సెకనులో అరవయ్యో వంతు: పొగ.
రెండువందల యాభయ్యో వంతు: టోపీ ఉంది, మొహం లేదు.
వెయ్యో వంతుకి తిప్పేలోగా
మనిషి వ్యాన్ కిందున్నాడు.

కిందనుంచి ఒక చెయ్యి బయటికొచ్చింది.
టార్చి ఇచ్చాను. కాదన్నాయి వేళ్లు.
స్పానరు కాదు. సుత్తి కాదు.
నా మెడవైపు చూపించాయి.

తల పట్టనిచోట కెమెరా పడుతుందని
అతనికి ఎవరు చెప్పారో.
ఇరుసుకీ గేర్‌బాక్సుకీ మధ్య దాన్ని తోసి
ఐదుసార్లు నొక్కాడు.
ప్రతి నొక్కుకీ నాకు దుకాణంవాడి మొహం.

నాలుగో ఫోటోలో దొరికింది:
చిరిగిన సీలు, దాని అంచున
రాలబోతూ ఒక ఆయిలు బొట్టు,
బొట్టులో తలకిందులుగా ఆకాశం, గుర్రం కాళ్లు.
నేను తీసినవి రెండువేల ఏడువందలు.
ఒక్కటీ ఇంత నిలకడగా లేదు.

తోక్తోసున్ ఆ బొట్టు మీద వేలుపెట్టి ఒక మాటన్నాడు.
తన పేరు చెబుతున్నాడో
దాన్ని ఆగమంటున్నాడో
హైమకి కూడా అర్థం కాలేదు.

గీత పడింది. తెరకి ఎడమవైపు, వెంట్రుకంత.

సాయంత్రం అతను గుర్రమెక్కుతుంటే
సంత కెమెరా తీసి, ఎవరిదో ఆ రీలులో
ఒక గడి ఖర్చుపెట్టాను.
ఓష్ చేరి కడిగించేదాకా తెలీదు.
కదిలే ఉంటాడు.